సూది ఊగితే లెక్క తేలేది

స్ప్రింగుకు వేలాడే బరువు ఎట్లా ఊగుతుందో చెప్పమంటే ఇప్పటి పిల్లలు ఫోన్ తీస్తారు. మా రోజుల్లో ఆ ఊపు సమీకరణాన్ని మా ఊరు ఏన్కూరులో, ఇంటి అరుగు మీద కూర్చుని అనలాగ్ కంప్యూటర్‌గా తీగలతో కట్టేవాళ్లం. రెండు ఇంటిగ్రేటర్లు, ఒక ఇన్వర్టర్. కరెంటు పోతే ఫ్యాను తిప్పేది కాదు నాయనా, ప్లస్‌ను మైనస్ చేసేది.

ఇంటిగ్రేటర్లలో వాడే 741 ఆంప్లిఫయర్ చిప్ అమెరికాలో 1968లోనే వచ్చింది గానీ మా జేబులకు అందలేదు. ఆంప్లిఫయర్‌ కూడా విడి ట్రాన్సిస్టర్లతోనే అతుక్కోవాలి. సామాన్ల కోసం తల్లాడ, ఖమ్మం మీదుగా హైదరాబాద్ పోయి కోఠీలో గుజరాతీ గల్లీ తిరగాలి. ఒక్క రెసిస్టర్ మరిచిపోయామా, మళ్లీ పట్నం పోయేదాకా పని అటకెక్కినట్టే.

అసలు తంటా వేడితో. ఆంప్లిఫయర్ ముందు వరసలో రెండు ట్రాన్సిస్టర్లు జతగా ఉంటాయి. వేడి ఒక డిగ్రీ పెరిగితే ఒక్కోదాని బేస్ వోల్టేజీ దాదాపు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది. రెండూ కలిసి పడితే పర్వాలేదు. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే మాత్రం ఇన్‌పుట్ ఏమీ ఇవ్వకున్నా ఇంటిగ్రేటర్ మీటరు సూది దానంతటదే పాక్కుంటూ పోయి చివర కొట్టుకుంటుంది. మన ఎండల సంగతి తెలియనిదా! అందుకే ఆ రెండు ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్లనీ వీపుకు వీపు ఆనించి, ఎనామిల్ తీగతో బిగించి కట్టేవాళ్లం. కెపాసిటరైతే పాలిస్టర్‌దే వేయాలి. ఎలక్ట్రోలిటిక్ లీకవుతుంది.

1 మెగోమ్ రెసిస్టరుకు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ జోడిస్తే సూది సున్నాకు అటూ ఇటూ పోయి రావడానికి ఆరు సెకన్లు దాటేది. చేతిగడియారంతో సరిచూసుకునేవాళ్లం. పొటెన్షియోమీటర్ కాస్త తిప్పితే ఊపు సన్నగిల్లి ఆగేది. డాంపింగ్ అంటే ఏమిటో పుస్తకం కన్నా ముందు వేళ్లకు తెలిసింది.

ఇదేదో పల్లెటూరి పిచ్చి అనుకోకండి. 1953లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో సమరేంద్ర కుమార్ మిత్రా పది చరరాశుల సమీకరణాలు సాధించే అనలాగ్ కంప్యూటర్ చేశారు. 1967లో మన ఎ.ఎస్. రావు గారి సారథ్యంలో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది. 1969లో దాని టీడీసీ-12 డిజిటల్ కంప్యూటర్ వచ్చింది, ఇక డిజిటల్‌దే రాజ్యం. ఖచ్చితత్వంలో దానితో పోటీ పడలేం, ఒప్పుకుంటాను. మాకు నూటికి ఒకటి రెండు తేడాతో జవాబొస్తే పండగే.

మరి ఇప్పుడో? ఆర్డర్ పెడితే చిప్పులు ఇంటి గుమ్మంలోకి వస్తున్నాయి. జర్మనీవాళ్లు ‘ది అనలాగ్ థింగ్’ అనే చిన్న యంత్రం చేసి సర్క్యూట్ కూడా అందరి ముందూ పెట్టేశారు. అయినా ఒక్కడూ సోల్డరింగ్ ఐరన్ వేడి పెట్టడు! మొన్న ఒక ఎలక్ట్రానిక్స్ పట్టభద్రుడికి గోధుమ, నలుపు, ఆకుపచ్చ గీతలుంటే 1 మెగోమ్ అని నేను చెప్పాల్సి వచ్చింది.

సెలవులకు ఊరొచ్చే ఇంజినీరింగ్ పిల్లలెవరైనా ఉంటే మా ఇంటికి రండి. ఐరన్, సున్నా మధ్యలో ఉన్న మీటరు నా దగ్గరున్నాయి. చిప్పులు మీరు తెచ్చుకోండి.