దత్తస్వీకారము

పేరునకు నగరమే కాని మామిడికుదురు మండలములోని ఒక గ్రామమైన మా ఊరిలో, పక్కవీధి కుర్రవానికి వైద్యకళాశాలలో సీటు వచ్చినదన్న వార్త వాని తండ్రి ఫోనులోనికి దిగిన పావుగంటకే, ఆ కుర్రవాని అసలు పేరు ఊరందరికిని విస్మృతమైపోయినది. అంతవరకు వానిని "ఒరేయ్" అని పిలిచిన పెద్దలే "డాక్టరుగారూ" అనసాగిరి. మరునాడు తెల్లవారునప్పటికి వారి అరుగుమీద నలుగురు కూర్చుండి యున్నారు: ఒకరికి మోకాళ్ళనొప్పి, ఒకరికి నిద్ర పట్టదు, ఒకరు అల్లుని స్కానింగు కవరును సంచిలో పెట్టుకొని వచ్చినారు, నాలుగవవారు సంబంధము మాట కదపవలెనని వచ్చి, తిన్నగా ఆ మాట ఎత్తుట మర్యాద కాదని కడుపునొప్పి అని చెప్పినారు. కుర్రవానికి అప్పటికి క్షుణ్ణముగా తెలిసిన కడుపు ఒక్కటే, అది కప్పది.

నవ్వుచున్నాను గాని పూర్తిగా నవ్వలేను. 2014 జూన్ 27న వేకువజామున గెయిల్ వారి గ్యాసు గొట్టము పేలి, నిద్రలో ఉన్నవారిని ఉన్నట్లుగానే మంటలు చుట్టుముట్టగా, కాలిన దేహములను అమలాపురమునకు, కాకినాడకు మోసికొనిపోయిన ఊరు మాది. అట్టి ఊరు డాక్టరు అన్న మాటను కొంత తొందరపడి ప్రయోగించినచో దానిని కేవలము మౌఢ్యమని కొట్టివేయుటకు నాకు మనసొప్పదు. నా అభ్యంతరమెల్ల ఇంకొకటి. సీటు వచ్చువరకు ఆ బిడ్డ చుట్టును గురువులు ముసిరియుండిరి. సీటు వచ్చిన దినమునుండి శిష్యులు ముసిరిరి. నేర్చుకొనవలసినది అప్పుడే ఆరంభమైనదని చెప్పుటకు ఎవరికిని నోరు రాలేదు.

ఆ గురుపరంపర సామాన్యమైనది కాదు. కుర్రవాడు ఆరవ తరగతిలో ఉండగానే విజయవాడ కరపత్రములు మా తాటిపాక సెంటరుదాక వచ్చి, "ఫౌండేషన్" అను మంత్రమును వాని తండ్రి చెవిలో ఊదినవి. అది మొదలు ఆరేండ్లపాటు వానికి పునాది వేయుచునే యుండిరి. ఉదయము ఒక పునాది, సాయంకాలము ఒక పునాది, ఆదివారమునాడు పునాది గట్టిదో కాదో చూచు పరీక్ష. 720 మార్కుల నీట్ అను కొండనెక్కి, లాంగ్‌టర్మ్ అను అరణ్యవాసము కూడ ఒక యేడు పూర్తిచేసి, వాడు వైద్యకళాశాల గుమ్మములో అడుగుపెట్టగనే అక్కడివారు చేసిన మొదటిపని ఏమనుకొన్నారు? ఫౌండేషన్ కోర్సు! కోనసీమ నేలమీద రెండంతస్తుల మేడ కట్టువాడు సైతము పునాది ఒక్కమారే వేయును గదా.

అయినను ఈ రెండవ పునాదియందు నాకు కొంత గౌరవము కలదు. 2019లో అప్పటి భారత వైద్యమండలి కొత్త పాఠ్యప్రణాళికతోపాటు దీనిని ప్రవేశపెట్టినప్పుడు, మొదటి నెలలో 175 గంటలు దీనికే కేటాయించినది. అందులో ప్రథమచికిత్సాది నైపుణ్యములకు 35 గంటలు, వృత్తిధర్మమునకు 40, భాషకును కంప్యూటరునకును 40, ఆటపాటలకు 22. ఆటపాటలకు గంటలు లెక్కకట్టి ఇచ్చిన శాస్త్రజ్ఞుని దూరదృష్టికి నమస్కరింపవలసినదే. ఏలయన రెండేండ్లుగా బంతి మొగము చూడని బిడ్డలకు బంతి గుండ్రముగా నుండునని మరల బోధింపవలసియున్నది. తరువాతి సంవత్సరములలో ఆ నెల కుంచించుకొనిపోయినది. పునాదుల విషయమున మనకు ఓపిక అంతమాత్రమే.

ఇక మెంటారు అను మహనీయుడు ఒకడు ఉన్నాడు. కొత్త విద్యార్థులను కొందరి చొప్పున ఒక్కొక్క అధ్యాపకునకు అప్పగించి, వారి మంచిచెడ్డలు కనుక్కొనుమని విధించినారు. విధి ఉత్తమమైనది. దాని ఆచరణము మా కుర్రవాడు చెప్పగా విన్నాను. వరుసలో నిలుచుండుట; వంతు రాగానే "ఏమైనా ప్రాబ్లమా?" అన్న ప్రశ్నకు "లేదు సార్" అనుట, సంతకము పెట్టుట. వాడు ఆ వారము మూడు రాత్రులు నిద్రలేక, బ్రేకియల్ ప్లెక్సస్ అను నరముల చిక్కుముడిని తొమ్మిదిమార్లు గీసి తొమ్మిదిమార్లును తప్పు గీసి, మంచముమీద కూర్చుండి ఏడ్చినాడు. ఫారములో మాత్రము వానికి సమస్య లేదు.

ఇట్టి ఫారములు వెనుకటి కాలమున లేకపోవుట దేశమునకు మేలో కీడో తేల్చుట కష్టము. గోదావరికి ఆవలి ఒడ్డున భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, మెట్రిక్యులేషను రెండుమార్లు తప్పి, మూడవమారు గట్టెక్కి, మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించిన నేరమునకు శస్త్రశాస్త్రాచార్యుడు బ్రాడ్‌ఫీల్డు దొరకు కంటగింపై, ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడినాడు. ఆయనకు మెంటారు ఉండినచో "డ్రస్‌కోడ్ పాటింపవలెను" అని ఎఱ్ఱసిరాతో వ్రాసి ఫైలు మూసెడివాడు కాబోలు. ఆయన అమెరికాలో ఫిస్క్‌తో కలిసి కనిపెట్టిన ఫాస్ఫరసు కొలుచు పద్ధతి నేటికిని జీవరసాయనశాస్త్ర గ్రంథములలో నిలిచియున్నది. మావాడు ఆ పేరును కంఠస్థము చేసినాడు గాని, ఆ సుబ్బారావు భీమవరము వాడని నేను చెప్పువరకు ఎఱుగడు. అది పరీక్షలో రాదట.

వానికి నిజముగా ట్యూషను చెప్పినవారెవరని విచారింపగా మొదట ఒక సీనియరు పేరు బయటపడినది. 1997లో మన రాష్ట్రము ర్యాగింగును చట్టముచేత నిషేధించిన పిమ్మట సైతము సీనియర్లు కనబడినంతనే కొత్తవారి తండ్రులకు గుండె దడ పుట్టుట మామూలే. కాని ప్రతి హాస్టలునందును సప్లీ వ్రాసి వ్రాసి, ఏ ప్రశ్న ఏ మూలనుండి వచ్చునో అనుభవముమీద గ్రహించిన ఒక దయామయుడు ఉండును. మొదటి సంవత్సరపు పరీక్షకు నాలుగు అవకాశములకు మించి లేవన్న నిబంధన అతనికి శాస్త్రముగా గాక స్వానుభవముగా తెలియును. తొలిసారియే గట్టెక్కినవాడు తనకు తెలిసినది చెప్పును. ఇతడు ఎక్కడ తెలియక పడిపోయినాడో అది చెప్పును. ఆ మహాత్ముడే మావానికి తన ఎముకల సంచిని సగము ధరకు అమ్మినాడు.

ఆ సంచి దసరా సెలవులకు ఆర్టీసీ బస్సులో బోడసకుర్రు వంతెన దాటి నగరమునకు విచ్చేసినది. గడప దాటనీయనని నాయనమ్మ భీష్మించుకొనగా దానిని పెరటిలోని కొబ్బరి కొట్టులో ఉంచిరి. మరునాడు దింపునకు వచ్చిన మనిషి, కాయలకని సంచి విప్పి, లోపలినుండి ఒక పుఱ్ఱె తనవైపు చూచుట గమనించినాడు. అరువది అడుగుల చెట్టును మోకుతో చరచర ఎగబ్రాకు ఆ ధీరుడు పెరటిగోడను ఎట్లు దాటెనో చూచినవారు లేరు. సాయంకాలమునకు కుర్రవాడు వానిని బ్రతిమాలి పిలుచుకొనివచ్చి, భయము పోగొట్టుటకై ఒక సన్నని వంకర ఎముకను చేతికిచ్చి, ఇది జత్రువనియు, క్లావికిల్ అందురనియు, మధ్యభాగమును బయటిభాగమును కలియుచోటనే సాధారణముగా విరుగుననియు అప్పగించినాడు. దింపుమనిషి ఆ ఎముకను అటునిటు త్రిప్పి చూచి, చొక్కా గుండీలు విప్పి, "అదంతా నాకు తెలవదండీ. చెట్టు మీంచి పడ్డప్పుడు నాకిరిగింది ఇక్కడండి, ఆయ్! నాటుకట్టు కట్టారు. చూస్కోండి" అని, కుర్రవాని వ్రేళ్ళను తన భుజమునొద్దకు లాగికొన్నాడు. వంకరగా అతికి గడ్డకట్టిన ఆ ఎముకమీద వాని వ్రేళ్ళు చాలసేపు నిలిచిపోయినవి. గ్రంథములో చెప్పిన చోటనే విరిగినది. అప్పటివరకు వాడు తాకిన ఎముకలలో వెచ్చగా నున్నది అదియొక్కటే.

శవవిచ్ఛేదనశాలలో ఫార్మలిన్ ఘాటునడుమ మౌనముగా పరుండియున్న ఆచార్యుని గురించి నేను హాస్యమాడను. ఆయనకు నమస్కరించి ప్రతిజ్ఞ చేసినపిదపనే కత్తి పట్టుదురని విన్నాను. ఫీజు అడుగని అధ్యాపకుడు ఆ భవనములో ఆయన ఒక్కడే.

ఇక కుటుంబ దత్తత. ప్రతి విద్యార్థియు మూడునుండి ఐదు కుటుంబములను దత్తతకు తీసికొని, చదువు సాగినంతకాలము వారి ఆరోగ్యము కనిపెట్టియుండవలెనని జాతీయ వైద్య కమిషన్ వారి శాసనము. ఆ ప్రకారముగా ఒక కళాశాల పిల్లలు మా వీధికి వచ్చినారు. మా ఎదురింటి మామ్మ వంతునకు ఉత్తరాదినుండి వచ్చిన ఒక పిల్ల పడినది. దత్తత అన్నమాట చెవిని పడగానే మామ్మ ముక్కుమీద వేలు వేసికొన్నది. కోనసీమలో దత్తత అనగా కొబ్బరితోట తగవు. కోర్టు లేనిదే అది ముగియదు. "పెళ్ళైనా కాని పిల్ల, ఇంతమందిని పెంచుకుంటానంటుందేమిటండీ! మాకేం తక్కువనీ?" అని నన్ను నిలదీసినది.

ఆ పిల్ల ఫౌండేషన్ కోర్సులో తెలుగు నేర్చుకొన్నది. తెల్లకోటు సవరించుకొని, కాగితము చూచి, "అమ్మా, మీకు ఏమి బాధ కలదు?" అని అడిగినది. అచ్చముగా నేను ఈ కాలమ్‌లో వ్రాయు తెలుగే. వీధిలో ఒక్కరికిని బోధపడలేదు. నేను అనువదింపగా మామ్మ, "కాళ్ళు పీకుతున్నాయమ్మా" అన్నది. పిల్ల ఫోనులో వెదకి, కలవరపడి, "ఎవరు పీకుచున్నారు?" అన్నది.

మామ్మ నవ్వి నవ్వి, దగ్గుతెర వచ్చి, మంచినీళ్ళు త్రాగి, ఆ పిల్లను పక్కన మంచముమీద కూర్చుండబెట్టుకొని, ఆమె పిక్కను రెండు వ్రేళ్ళతో పట్టి, "ఇదుగో, ఇక్కణ్ణించి ఇక్కడికి. లాగినట్టు. నొప్పి వేరు, పీకుడు వేరు, తిమ్మిరి వేరు. మంటైతే అరికాల్లో వస్తాది. రాసుకో" అని పాఠము మొదలుపెట్టినది. ఒళ్ళు తూలుటకును కళ్ళు తిరుగుటకును గల భేదము, గుండెల్లో మంటకును గుండెల్లో పోటుకును గల దూరము, నీరసమునకును నిస్సత్తువకును నడుమ నున్న సన్నని గీత, ఇవన్నియు రెండు గంటలు సాగినవి. పిల్ల తన లిపిలో పేజీలు నింపుకొన్నది. నడుమ పనసపొట్టు కూరతో భోజనమైనది. లేచునప్పుడు ఆమె ఫారము తీసి, కుటుంబసభ్యుల సంఖ్య అను గడిలో 4 అని వేసి సంతకము చేయబోవుచుండగా, మామ్మ కళ్ళజోడు సవరించుకొని తొంగిచూచి, ఆ అంకెమీద వేలు పెట్టినది.

"నాలుగేమిటే? ఐదు చెయ్యి."