సల్ఫైట్ మానాలంటే ముందు రుచి మీద ఆశ మానండి

సల్ఫైట్ మానేసి వైన్‌లో ఇంకేం వేయాలని అడిగేవాళ్ళు ఏదో ఒక పొడి పేరు చెబుతారని చూస్తారు. నేను ముందు తీసేయమంటాను. వైన్‌ని పాడుచేసే సూక్ష్మజీవులకి నచ్చేవి తాగేవాళ్ళకి నచ్చేవే: కాస్త తీపి, మెత్తటి పులుపు, ఓక్ పీపా, ఏళ్ళ తరబడి నిల్వ. ఈ నాలుగూ వదిలేయండి. తాగినవాళ్ళు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి. వైన్ చెడకూడదు, అంతే.

ద్రాక్షని పూర్తిగా పండనివ్వొద్దు. రసం పీహెచ్ 3.2 దాటకముందే కోసేయండి. 3.5 దాటిందంటే పీడియోకాకస్, లాక్టోబాసిల్లస్ లాంటి బాక్టీరియాకి అడ్డు ఉండదు. సల్ఫైట్ వాడేవాళ్ళ ధీమా కూడా పులుపు మీదే నిలబడింది. వైన్‌లో విడిగా ఉన్న సల్ఫర్ డయాక్సైడ్‌లో నిజంగా సూక్ష్మజీవుల్ని చంపే రూపం పీహెచ్ 3 దగ్గర సుమారు 6 శాతం ఉంటే, 4 దగ్గర 0.6 శాతమే. మన దగ్గర నీరా తీసేవాళ్ళు కుండ లోపల సున్నం పూస్తారు. అక్కడ క్షారం చేసే కాపలా ఇక్కడ ఆమ్లం చేత చేయించండి. పళ్ళు పులిసినా సరే.

చక్కెర చుక్క మిగలకుండా పులియనివ్వండి. లీటరుకి అర గ్రాము మిగిలినా బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్‌కి చాలు. అది పట్టిన వైన్ గుర్రపుశాల వాసన కొడుతుంది. దాని అసలు కాపురం ఓక్ పీపాలో. చెక్క సందుల్లోకి మిల్లీమీటర్ల లోతున దూరి కూర్చుంటుంది, పైపైన ఎంత కడిగినా కదలదు. పైగా పీపాని లోపల కాల్చినప్పుడు చెక్కలోంచి వచ్చే సెల్లోబయోజ్ అనే చక్కెరని కూడా తింటుంది. కాబట్టి పీపాల్ని పొయ్యిలోకి పంపండి. వెనిలా వాసన పోతుందని కొనేవాళ్ళు గొణుగుతారు, పట్టించుకోకండి. స్టీలు ట్యాంకు చాలు, దాన్ని అంచుదాకా నింపాలి. సగం నింపి వదిలేసిన ట్యాంకు మూత వారం తర్వాత తీసి చూడండి: వైన్ మీద పల్చటి బూడిదరంగు పొర, ముక్కుకి ఘాటు. గాలి తగిలిన చోటే, వైన్‌ని వినెగర్ చేసే ఎసిటోబాక్టర్ అనే బాక్టీరియా పని మొదలుపెడుతుంది.

ఇక పొడుల సంగతి. కోడిగుడ్డు తెల్లసొన నుంచి తీసే లైసోజైమ్‌కి మంచి పేరుంది. యూరప్‌లో లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా అనుమతి. లాక్టిక్ బాక్టీరియా గోడని అది కోసేస్తుంది, నిజమే. కానీ ఎసిటోబాక్టర్‌నీ ఈస్ట్‌నీ ఏమీ చేయలేదు. ఎర్ర వైన్‌లో టానిన్‌ని పట్టుకుని రంగుతో సహా అడుక్కి దిగిపోతుంది, తెల్ల వైన్‌లో మబ్బు తెస్తుంది. గుడ్డు పడనివాళ్ళ కోసం లేబుల్ మీద ఆ మాట రాయాలి కూడా. ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి సల్ఫైట్ పడదని మానేసి, ఇంకొకరికి పడనిది తెచ్చిపెట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు. వద్దు.

కైటోసాన్ ఒక్కదానికి ఒప్పుకుంటాను. ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజు నుంచి తీస్తారు. 2009లో అంతర్జాతీయ వైన్ సంస్థ ఓఐవీ దాన్ని ఆమోదించింది. బ్రెటనోమైసిస్ మీద వాడాలంటే వంద లీటర్లకి 10 గ్రాముల దాకా వేయొచ్చు. నీళ్ళలో కరగదు, తెల్లగా తేలుతుంది. ట్యాంకులో బాగా కలిపి, మడ్డి దిగేదాకా ఆగి, తేట వంచుకోవాలి. మడ్డిని కదిపారంటే చేసిన పనంతా వృథా.

కోసిన వెంటనే పండ్ల మీద మెచ్నికోవియా పుల్చెరిమా ఈస్ట్ చల్లండి. చుట్టూ ఉన్న ఇనుముని కట్టేసి తక్కిన సూక్ష్మజీవుల కడుపు మాడుస్తుంది.

తర్వాత పాతకాలం కాపలాదారు, చెట్టుబంక. ఇరాన్‌లోని హాజీ ఫిరూజ్ తెపేలో దొరికిన సుమారు 7,000 ఏళ్ళ నాటి వైన్ జాడీల్లో చెట్టుబంక ఆనవాళ్ళు బయటపడ్డాయి. గ్రీసువాళ్ళు రెట్సీనా అనే వైన్‌లో ఇప్పటికీ పైన్ చెట్టు బంక వేస్తారు. వాళ్ళు సువాసనకి కాస్త వేస్తే, మీరు ఆ వాసనే ముందుకొచ్చేలా వేయండి. టర్పెంటైన్ గుర్తొస్తుందని అంటే అననివ్వండి.

లేబుల్ మీద ‘సల్ఫైట్ లేదు’ అని మాత్రం రాయొద్దు, ‘వేయలేదు’ అని రాయండి. పులిసేటప్పుడు ఈస్టే కొంత తయారుచేస్తుంది. యూరప్‌లో లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటితే చెప్పి తీరాలి.

నిల్వ ఆలోచన అసలు పెట్టుకోకండి. ఫ్రాన్సులోని బోజొలేలో నవంబరు మూడో గురువారం కొత్త వైన్ అమ్మకానికి వస్తుంది. మీరూ అలాగే చలికాలంలోనే, చుట్టుపక్కల ఊళ్ళలోనే అమ్మేయండి. ఓడ ఎక్కించొద్దు. ఎండలు ముదిరేసరికి మిగిలినదాన్ని మీరే వినెగర్‌కి వదిలేయండి. ఫ్రాన్సులో ఓర్లియాన్ ఊరు ఆ పనితోనే పేరు తెచ్చుకుంది. ఆ గది మాత్రం వైన్ గదికి దూరంగా, వేరే గుమ్మంతో, కిటికీలకి జాలీతో ఉండాలి. పండ్ల ఈగలు కాళ్ళకి అంటించుకుని ఎసిటోబాక్టర్‌ని ఇటు మోసుకొస్తాయి.