మా పెద్దమ్మ తటస్థం

మా పెద్దమ్మ సంతకం పెట్టడం డ్వాక్రా సంఘంలో నేర్చుకుంది. ఆ సంతకం బ్యాంకు కాగితాల మీద కంటే పరిశోధన ఫారాల మీదే ఎక్కువసార్లు పడి ఉంటుంది. ఆ మధ్య ఒక వేసవిలో నేను ఆమె అరుగు మీద కూర్చుని ఉండగానే, సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడొకడు అట్టకు కాగితాలు తగిలించుకుని వచ్చాడు.

“అమ్మా, సంఘంలో చేరాక మీ ఆత్మవిశ్వాసం పెరిగిందా? పూర్తిగా ఏకీభవిస్తారా, ఏకీభవిస్తారా, తటస్థమా, ఏకీభవించరా, అసలే ఏకీభవించరా?”

“ఎండన పడి వచ్చావు, మజ్జిగ తాగుతావా బాబూ?”

కుర్రాడు మజ్జిగ తాగి, తటస్థం దగ్గర టిక్కు పెట్టాడు.

అలాంటి ప్రశ్నలు అరవై రెండు. ముప్పయ్యో ప్రశ్నకు దొడ్లో గేదె అరిచింది. పెద్దమ్మ లేచింది. “మిగతావి నువ్వే రాసేసుకో నాయనా, చదువుకున్నోడివి” అంది. రాసేసుకున్నాడు. దీన్నే ప్రైమరీ డేటా అంటారు. పాలకేంద్రంలో ఫ్యాటు తక్కువొచ్చిందని లీటరుకు ఎంత కోస్తున్నారో చెప్పాలని ఆమె రెండుసార్లు నోరు తెరిచింది గానీ, ఫారంలో దానికి గడి లేదు. ఫారం పైన మాత్రం “ఈ వివరాలు గోప్యంగా ఉంచబడును” అని ఉంది. పరిశోధకులు తప్పకుండా నిలబెట్టుకునే మాట అదొక్కటే. ఆ వివరాలు ఏమయ్యాయో ఇంతవరకూ మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

విశ్వవిద్యాలయ సామాజిక పరిశోధన వల్ల ప్రజలకు మేలు జరుగుతుందని బ్రోషర్లలో రాస్తారు. విశ్వవిద్యాలయాలకు గ్రేడులిచ్చే న్యాక్ తనిఖీ సమయంలో ఆ మాట ఫ్లెక్సీలకు కూడా ఎక్కుతుంది. మేలు జరగలేదని నేననను. కుర్రాడికి డిగ్రీ వచ్చింది. గైడుగారికి పాయింట్లు పడ్డాయి, 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యాపకుల పనిని మార్కులతో కొలవడం మొదలుపెట్టిన పుణ్యమా అని. లెక్కల సాఫ్ట్‌వేర్లో టేబుళ్లు వేసి పెట్టేవాడికి, జిరాక్సు సెంటరుకి, అట్ట మీద బంగారు అక్షరాలు కొట్టే బైండింగు షాపుకి, అందరికీ గిట్టుబాటైంది. ఇంతమందిని పోషిస్తున్న పరిశ్రమను పనికిరానిదనడానికి నోరెలా వస్తుంది? నష్టమల్లా గ్లాసెడు మజ్జిగ.

కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడిదీ పల్లెటూరే. ఫీజు రీయింబర్స్‌మెంటు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్లలో వాడూ ఒకడు. వాడు పుట్టకముందే అచ్చుపోసి ఉన్న మూసలో వాడిని కూర్చోబెట్టారు. మూడో అధ్యాయంలో జిల్లా ప్రొఫైలు ఉంటుంది, అక్షాంశ రేఖాంశాలతో సహా. పెద్దమ్మ ఆత్మవిశ్వాసానికి రేఖాంశంతో ఏం పనో నాకు అర్థం కాలేదు. శాంపిల్ మూడు వందలు. ఎందుకు మూడు వందలని అడక్కూడదు, అంతకుముందు థీసిస్‌లోనూ మూడు వందలే. ఆ మూడు వందల మందిని “బహుళ దశల యాదృచ్ఛిక నమూనా పద్ధతి”లో ఎంపిక చేస్తారు. యాదృచ్ఛికంగా ఒకటి గైడుగారి అత్తవారి మండలం అవుతుంది, ఇంకొకటి సాయంత్రం బస్సు దొరికే మండలం అవుతుంది. తారురోడ్డు పక్క ఊళ్లకే, అదీ వానల్లేని కాలంలోనే వెళ్లి పల్లెను చూశామనుకుంటారని గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ 1983లోనే ఎద్దేవా చేశాడు. ఆయన పేరు ప్రతి థీసిస్‌లోనూ రెండో అధ్యాయంలో భక్తిగా కనిపిస్తుంది. మూడో అధ్యాయంలో తారురోడ్డు కనిపిస్తుంది.

చివర్లో సూచనలు. ప్రభుత్వం అవగాహన సదస్సులు నిర్వహించాలి. మహిళలకు శిక్షణ ఇవ్వాలి. ఈ రెండు వాక్యాల కోసం మూడేళ్లు పట్టింది. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పది శాతం దాకా పోలికలుంటే శిక్ష లేదు. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ చాలా గట్టిది, అరువు తెచ్చిన వాక్యాన్ని ఇట్టే పట్టేస్తుంది. రాసినవాడు ఆ ఊరికి వెళ్లాడా లేదా అన్నది మాత్రం దానికి చిక్కదు. అన్నీ గట్టెక్కాక థీసిస్‌ను థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో కలుపుతారు. ఆ గంగ ఎక్కువగా ఇంగ్లీషులో ప్రవహిస్తుంది. మా ఊరి కాలవ దాకా రాలేదు.

ఇక సోషల్ వర్క్ విద్యార్థుల రూరల్ క్యాంపు సంగతి. బడి ముందు ఆవరణలో ముగ్గుపిండి, రంగులు పోసి విద్యార్థులు ఊరి పటం గీస్తారు. ఈ పద్ధతికి ప్రపంచమంతటా పేరు తెచ్చినవాడూ ఆ చాంబర్సే. పిండి ఊరివాళ్ల చేతిలో ఉండాలనీ, చదువుకున్నవాళ్లు పక్కన కూర్చుని వినాలనీ ఆయన ఉద్దేశం. మా దగ్గర పాత్రలు తారుమారయ్యాయి. ఊహ తెలిసినప్పటి నుంచీ రోజూ గీతలు కలుపుతున్న ఆడవాళ్లు చుట్టూ నిలబడితే, విద్యార్థులు వంకరటింకరగా గీస్తారు. ఎస్సీ కాలనీ ఎటుందో, నీళ్ల ట్యాంకు నుంచి ఎంత దూరమో రంగు పోసి ఊరికి చూపిస్తారు. అది తెలియనిది ఆ ఊళ్లో ఎవరికి? ఫొటో దిగుతారు. మధ్యాహ్నానికల్లా మేకలు ఊరి మీదుగా నడిచి వెళ్లిపోతాయి.

2014లో వచ్చిన కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ ప్రకారం ఒక్కో విద్యాసంస్థ అయిదు ఊళ్లను దత్తత తీసుకోవాలి. దత్తత వెళ్లిన పిల్లాడికి కనీసం ఇంటిపేరు మారుతుంది. ఊరికైతే పొలిమేరలో బోర్డు వస్తుంది.

నవ్వు ఆగిపోయే చోటు ఒకటుంది, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తినేస్తోంది. రక్తం తీసుకున్నవాళ్లు వచ్చారు, బావి నీళ్లు సీసాల్లో పట్టుకున్నవాళ్లు వచ్చారు, ఇంటిఖర్చులు రాసుకున్నవాళ్లు వచ్చారు. పలాసలో ఆసుపత్రి కట్టారు, కుళాయి నీళ్ల పథకమూ వచ్చింది. అసలు కారణం ఇదీ అని అందరూ ఒప్పుకునేలా ఇంకా తేలలేదు. తేలకపోవడం పరిశోధకుల తప్పని అనను, శాస్త్రం కష్టమైనదే. “తేలలేదు” అన్న ఆ ఒక్క మాట చెప్పడానికైనా రక్తమిచ్చిన మనిషి గడపకు తిరిగి రావాలి కదా!

జనానికి పనికొచ్చే పరిశోధన చేయాలనుకుంటే చేయొచ్చు. గోండు నాయకుడు కొమురం భీం తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం భయపడి, గోండుల సంగతేమిటో చూడమని పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియా దేశస్థుడు, పైగా యుద్ధకాలంలో శత్రుదేశపు పౌరుడు. ఆదిలాబాద్ ప్రాంతంలోని మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. పుస్తకాలూ రాసుకున్నాడు, కాదనను. కానీ భూమి పట్టాలు ఇప్పించే పని చూశాడు, గోండి వాచకాలు తయారు చేయించాడు, ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టించాడు. ఆయన భార్య బెట్టీ 1987లో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఏటా జనవరి 11న అక్కడ గోండులు నివాళులర్పిస్తారు. ఏ యూజీసీ పట్టికలోనూ దీనికి పాయింట్లు లేవు.

అలాగే నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో వయోజనుల వాచకంలో సారాకు వ్యతిరేకంగా సీతమ్మ కథ అని చిన్న పాఠం పెట్టారు. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. దూబగుంట ఆడవాళ్లు చదివారు, సారా దుకాణం మీదికి వెళ్లారు. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా బంద్. ఆ పాఠానికి శాంపిల్ సైజు లేదు. థీసిస్‌లు తర్వాత వచ్చాయి.

అందుకని వైస్ ఛాన్సలర్లకు నాదొక మనవి. వైవా సెమినార్ హాల్లో పెట్టకండి, సర్వే చేసిన ఊళ్లోనే రచ్చబండ దగ్గర పెట్టండి, తెలుగులో. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కుర్చీలో మా పెద్దమ్మను కూర్చోబెట్టండి. ఆమె ఏకీభవిస్తే పట్టా ఇవ్వండి.

పాఠకులకూ ఒక మాట. ఈసారి ఎవరైనా అట్ట పట్టుకుని మీ అరుగెక్కితే మజ్జిగ ఇవ్వండి, కసురుకోకండి. జవాబులు చెప్పాక ఆ పిల్లల ఫోను నంబరు, వాళ్ల గైడుగారి నంబరు కూడా అడిగి రాసుకోండి. మా పెద్దమ్మ ఇంట్లో క్యాలెండరు వెనకాల ఆ రెండు నంబర్లూ నేనే రాసి పెట్టాను. సంక్రాంతి వెళ్లాక ఫోను చేస్తానంటోంది.