సున్నా కోసం

ట్రయల్స్ బైకుల పోటీలో లెక్క తిరగేసి ఉంటుంది. సున్నా వస్తే పండగ, అయిదు వస్తే ఏడుపు. బండరాళ్లు, వాగులు, బురద వాలులు ఉన్నచోట కొంత మేర జెండాలు పాతి, దాన్ని సెక్షన్ అంటారు. ఎంత వేగంగా పోయావని అక్కడ ఎవరూ అడగరు. కాలు కింద పెట్టావా లేదా అన్నదే పోటీ. ఒకసారి కాలు ఆనిస్తే ఒకటి, రెండుసార్లకు రెండు, ఆపైన ఎన్నిసార్లయినా మూడు. కింద పడినా, దారి తప్పినా ఏకంగా అయిదు. ఆఖరికి ఎవరి ఖాతాలో తక్కువ ఉంటే వాడే మొనగాడు.

ఇంగ్లండులో యార్క్‌షైర్ వాళ్లకు ఈ ఆటంటే ప్రాణం. 1975లో ట్రయల్స్‌లో మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్ అయిన మార్టిన్ లాంప్‌కిన్ అక్కడివాడే. ఆయన కొడుకు డగీ 1997 నుంచి వరసగా ఏడేళ్లు ఆ కిరీటాన్ని ఎవరికీ వదల్లేదు.

ఆ ప్రాంతంలోనే ఓ కుర్రాడికి ఈ పిచ్చి పట్టింది. అయితే వాడికి సున్నా మీద లేదు మోజు, ఎత్తు మీద ఉంది. 2007 నుంచి ఏటా ప్రపంచ కిరీటాన్ని ఎగరేసుకుపోతూ వచ్చిన స్పెయిన్ ఘనుడు టోనీ బౌ, తనకంటే ఎత్తయిన అడ్డంకుల మీదికి బండితో సహా లంఘించడం ఫోన్‌లో చూశాడు. ఎక్కితే అలా ఎక్కాలి అనుకున్నాడు. దాచుకున్న డబ్బంతా పోసి సెకండ్ హ్యాండ్‌లో మూడువందల సీసీ బండి కొన్నాడు. వాళ్లమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, "సీటు ఎవరైనా ఎత్తుకుపోయారా?" అంది. ట్రయల్స్ బండికి సీటు ఉండదు, నిలబడే నడపాలి. బరువు డెబ్బై కిలోలకు అటూ ఇటూ, అంటే మన బుల్లెట్‌లో సగం కూడా కాదు. వెనక టైరులో గాలి నాలుగైదు పాయింట్లకు మించదు. మెత్తగా ఉంటేనే అది రాయిని కరుచుకుంటుంది.

నేర్పడానికి ఒక పెద్దాయన ఒప్పుకున్నాడు. రాతి క్వారీలో పనిచేసి రిటైరైన మనిషి.

"గోడ ఎక్కడానికి బలం చాలదబ్బాయ్, అదను తెలియాలి" అని మొదలుపెట్టాడు. గోడ దగ్గరికి నడక వేగంతో రావాలి. మోకాళ్లు వంచి బండిని కిందికి అణచాలి. షాక్ అబ్సార్బర్లు పైకి తన్నే క్షణంలో ఒక రేజ్ ఇచ్చి క్లచ్ వదలాలి. ముందు చక్రం లేచి, గోడ అంచుకు జానెడు కిందుగా తగులుతుంది. తగిలీ తగలగానే ఒంటివేలితో క్లచ్ పట్టి, వదిలి, రెండో రేజ్. అదే క్షణంలో మనిషి పైకి లేవాలి. అప్పుడు వెనక చక్రం గోడను పట్టుకుని పాకుతుంది. ఆ వెంటనే రేజ్ తగ్గించి, చేతులు ముందుకు చాపి, మోకాళ్లు ముడిచి, పైకొస్తున్న బండికి చోటివ్వాలి.

చెప్పడానికి ఇంతసేపు పట్టిందిగానీ జరగడానికి రెప్పపాటు చాలు. ఆ రెప్పపాటులో తప్పడానికి ఎన్ని దారులున్నాయో కుర్రాడు ఒక్కొక్కటే కనిపెట్టాడు. మొదటి రేజ్ ఆలస్యమైతే చక్రం గోడను పొడిచి, తాను హ్యాండిల్ మీదుగా అవతల పడ్డాడు. రెండోది ముందే ఇస్తే బండి నిక్కబొడుచుకుని వెల్లకిలా తన మీదికే వచ్చింది. మణికట్టుకు కట్టిన తాడు ఊడి ఇంజన్ ఆగబట్టి బతికిపోయాడు. మోచిప్పలకు రంగులు మారాయి. అయినా వదల్లేదు. లారీ టైరు అయింది, చెట్టు దుంగ అయింది, మోకాలెత్తు రాయి అయింది. చలికాలం వెళ్లేసరికి నడుమెత్తు బండమీద నిలబడి ఈల వేశాడు.

పెద్దాయనతో వాడికి ఒక్కటే పేచీ. ఎక్కడికి వెళ్లినా ముందు "బండి దిగి నడువు" అనేవాడు. ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, బూటుతో మట్టి గీరి, రాళ్లను తొక్కి చూసి, ప్రతి జెండా దగ్గరా, ప్రతి బాణం గుర్తు దగ్గరా ఆగేవాడు. మళ్లీ ఆ చివర నిలబడి వెనక్కి చూసేవాడు. కుర్రాడు నాలుగడుగులు వేసి, బండను చూసుకుని, తిరిగొచ్చేవాడు.

"చూశావా?"

"చూశాను తాతా. ఎక్కేస్తాను."

వసంతంలో వాడి మొదటి పోటీ వచ్చింది. ఫారం పెద్దాయనే నింపాడు, అందరికంటే కింది తరగతిలో. బండి ముందు నంబరు అట్ట కూడా తనే తగిలించాడు, తెల్లది. కుర్రాడికి తల కొట్టేసినట్టయింది.

"నన్ను చంటిపిల్లల్లో కలిపావేం తాతా?"

"మొదటిసారికి చాల్లే" అన్నాడాయన.

మొదటి సెక్షన్లన్నీ వాడికి చప్పగా ఉన్నాయి. ముళ్లపొదల చుట్టూ మలుపులు, వాగులో గులకరాళ్లు. ముందువాళ్ల వెనకే పోయాడు, ఒకటి రెండుచోట్ల పరాకుగా కాలు కూడా ఆనించాడు. ఆరో సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్లు మెరిశాయి. నల్లటి ఇసుకరాతి బండ, నడుము దాటిన ఎత్తు, నిట్టనిలువు. దాని చుట్టూ జనం. అప్పుడే ఎవరో దానిమీదికి ఎక్కబోయి జారిపడ్డాడు. అందరూ అయ్యో అన్నారు.

"నడిచొద్దాం రా" అన్నాడు పెద్దాయన.

"నువ్వు చూసి రా తాతా. నేను బండను చూశాను."

ఆయన నిట్టూర్చి బయల్దేరాడు. ఆ చివరికి చేరేలోపే కుర్రాడి వంతు వచ్చింది. ఆగలేదు. వేలు క్లచ్ మీద, చూపు బండ అంచు మీద. దూరంగా పెద్దాయన రెండు చేతులూ ఊపుతూ ఏదో కేకేస్తున్నాడు. ఇంజన్ మోతలో మాట వినబడలేదు. హుషారు చేస్తున్నాడనుకుని కుర్రాడు ఇంకా రెచ్చిపోయాడు. అణిచాడు, మొదటి రేజ్, చక్రం జానెడు కిందుగా తగిలింది, రెండో రేజ్, ఒళ్లు పైకి, మోకాళ్లు ముడిచి... బండి పైన వాలింది. కాలు కదల్లేదు. జనం చప్పట్లు, ఈలలు.

గర్వంగా దిగివచ్చి స్కోరుకార్డు చాపాడు. మడత కుర్చీలో కూర్చున్న అబ్జర్వర్ ఒక పెద్దావిడ. పంచ్ తీసి టక్కున రంధ్రం కొట్టింది. అయిదు!

కుర్రాడికి మాట తడబడింది. "అమ్మా, నా కాలు ఎక్కడా ఆనలేదు."

"ఆనలేదు నాయనా."

"బండి ఆగలేదు. ఇంజన్ చావలేదు."

"లేదు."

"మరి? ఇంత శుభ్రంగా ఎక్కినవాళ్లు ఈ పొద్దున ఎవరైనా ఉన్నారా?"

"ఒక్కరూ లేరు. కళ్లారా చూశాను, ముచ్చటేసింది" అందావిడ. పంచ్ మొనతో వాడి బండి ముందున్న తెల్ల అట్టను తట్టింది. తర్వాత బండకు అటూ ఇటూ ఉన్న ఎర్ర బాణాలను చూపించింది. ఆపైన బండ పక్కనుంచి పచ్చికలో తీరిగ్గా మలుపు తిరిగిపోతున్న చదునైన బాట చూపించింది. దానికిరువైపులా తెల్ల బాణాలు.

"బాగానే ఎక్కావు నాయనా. నిన్నెవరు ఎక్కమన్నారు?"