కింద సంతకం ఉండేది

మా రోజుల్లో యూనివర్సిటీలో ఏ కబురైనా కాగితం మీదే వచ్చేది. కాగితం కింద సంతకం, సంతకం కింద హోదా, పక్కన తేదీ. ఇప్పుడు కబుర్లకేం కొదవ లేదు. తెల్లారేసరికి పిల్లల ఫోన్లలో కుప్పగా పడి ఉంటాయి. పరీక్ష ఫీజు గడువు, స్కాలర్‌షిప్పు రెన్యువలు, హాస్టల్లో నీళ్లు రాని వేళలు, రక్తదాన శిబిరం, లైబ్రరీ పుస్తకం తిరిగివ్వాల్సిన తేదీ, ఎవరిదో అతిథి ఉపన్యాసం. అన్నీ ఉన్నాయి, ఆ సంతకం ఒక్కటే లేదు. ఎవరు పంపారో తెలీదు, సందేహం వస్తే ఎవరి గది తలుపు తట్టాలో తెలీదు. నా బాధంతా దాని గురించే.

నేను ఎమ్మే చదివింది వాల్తేరులో, డెబ్బైల మొదట్లో. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు మెట్ట మీదికి వచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో. మా విభాగం మెట్లెక్కగానే గోడకి అద్దాల తలుపుల బోర్డు ఉండేది. లోపల ఆకుపచ్చ గుడ్డ, తలుపుకి చిన్న తాళం. తాళంచెవి అటెండరు జేబులో. ఆయన్ని మేమంతా బాబాయ్ అనేవాళ్ళం. పదకొండు గంటల ప్రాంతంలో ఆఫీసులోంచి కాగితం పట్టుకుని బాబాయ్ బయటికొస్తే వరండాలో ఉన్నవాళ్ళంతా వెంటపడేవాళ్ళం. ఆయన తొందరపడేవాడు కాదు. పాత కాగితం తీసి, నాలుగు మూలలా కొత్త పిన్నులు గుచ్చి, వంకర లేకుండా చూసుకుని, అద్దం మూసి తాళం వేసి, అప్పుడు పక్కకి జరిగేవాడు. సముద్రపు గాలికి ఆ పిన్నులు త్వరగా తుప్పు పట్టేవి. కాగితం తీసేశాక కూడా గుడ్డ మీద గోధుమరంగు మచ్చలు మిగిలిపోయేవి. కుడివైపు పైమూలన ఆ మచ్చలు మరీ ఎక్కువ. స్కాలర్‌షిప్పు నోటీసులు ఎప్పుడూ అక్కడే పెట్టేవారు. మా కళ్ళు ముందు అక్కడికే వెళ్ళేవి.

నోటీసు పుట్టడానికి ఎంత చాకిరీ ఉండేదో ఇప్పటివాళ్ళకి తెలియాలి. టైపు మిషనులో మైనపు పూత ఉన్న స్టెన్సిలు కాగితం ఎక్కించి, రిబ్బను పక్కకి తప్పించి కొట్టాలి. అక్షరం పడిన చోట మైనం తెగుతుంది. తప్పు పడితే ఎర్రటి ద్రవం పూసి, ఆరేదాకా ఆగి, మళ్ళీ కొట్టాలి. ఆ తర్వాత స్టెన్సిలుని సైక్లోస్టైల్ మిషను మీదికెక్కించి, సిరా పట్టించి, చేత్తో పిడి తిప్పుతూ ఒక్కొక్క కాపీ తియ్యాలి. గుమాస్తా చొక్కా చేతులకి ఆ సిరా మరకలు ఎప్పుడూ ఉండేవి. ఇంత పని కాబట్టే అక్కర్లేని నోటీసు ఎవరూ వేయించేవారు కారు. వేసే ముందు తేదీ సరిచూసేవారు, మాట సరిచూసేవారు. వచ్చిన కాగితం ఏదైనా అవసరమైనదే అయ్యుంటుందని మాకు నమ్మకం. ఇప్పుడు పంపడానికి వేలు కదిలిస్తే చాలు. ఒకే ఉపన్యాసం గురించి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, 'వేదిక మారింది, గమనించగలరు' అని సాయంత్రం మరొకటి. పంపేవాడికి ఖర్చు లేదు. ఆ బరువంతా చదివేవాడి నెత్తిన పడింది.

బోర్డుతో పని అయిపోయేది కాదు. ముఖ్యమైన సంగతైతే సర్క్యులర్ పుస్తకం తరగతికే వచ్చేది. మాస్టారు పాఠం ఆపి, కళ్ళజోడు సర్దుకుని, పైకి చదివి, పుస్తకంలో సంతకం పెట్టేవారు. అక్కడితో ఆగేవారు కారు. "విన్నారా? ఫారాలు పదిహేనో తారీఖులోగా ఇచ్చెయ్యాలి. తహసీల్దారు గారి ఆదాయ ధ్రువపత్రం లేకపోతే తీసుకోరు. శనివారం బస్సెక్కి ఊరెళ్ళి తెచ్చుకోండర్రా" అని విడమరిచి చెప్పేవారు. చుట్టూ చూసి, "ఆ పాడేరబ్బాయి ఏడి? జ్వరమా? సరే, వాడి గదిలో ఉండేవాళ్ళెవరు? నువ్వు చెప్పాలి వాడికి, చెప్పి రేపు నాకు చెప్పాలి" అనేవారు. సమాచారం చేరవేయడమంటే నేను నేర్చుకున్న అర్థం అది. పంపడంతో బాధ్యత తీరదు, చేరిందో లేదో కనుక్కోవాలి.

మా చెల్లెలి మనవరాలు ఇప్పుడు పీజీ చదువుతోంది. పండక్కి ఇంటికొచ్చినప్పుడు ఫోను నా చేతికిచ్చి చూపించింది. విభాగం గ్రూపు, హాస్టల్ గ్రూపు, ఎన్నెస్సెస్ గ్రూపు, ప్లేస్‌మెంట్ గ్రూపు, మళ్ళీ ఒక్కో సబ్జెక్టుకీ ఒకటి. ఇవి చాలక మెయిలు, పోర్టలు, ఒక యాప్.

"ఇందులో పరీక్ష ఫీజు సంగతి ఎక్కడుందమ్మా?" అని అడిగాను.

వేలితో పైకి తోస్తూ చాలాసేపు వెతికింది. ఎవరి పుట్టినరోజుకో శుభాకాంక్షలు, వాటికి దండాలు, వాటి మధ్య ఒక పీడీఎఫ్. "ఇదిగో తాతయ్యా. అన్నీ చూస్తూ కూర్చుంటే చదువెప్పుడు? అందుకే గ్రూపులన్నీ మ్యూట్‌లో పెట్టేస్తాం" అంది. ఆ పిల్లని నేనేమీ అనను. అన్ని గంటలూ మోగే గంటని ఎవరు మాత్రం వింటారు? తప్పు మోగించేవాళ్ళది.

ఇది చిరాకుతో పోయే వ్యవహారమైతే నేనింత రాయను. మా వీధి చివర ఇస్త్రీ బండి అతని కొడుకు ఒక యూనివర్సిటీలో చదివాడు. ఏ యూనివర్సిటీయో అనవసరం. స్కాలర్‌షిప్పు రెన్యువలుకి వేలిముద్ర వెయ్యాలని, ఆధార్‌కి బ్యాంకు ఖాతా కలిసి ఉండాలని కబురొచ్చింది. ఆ కబురు, కుర్రాడు చదువులో చేరినప్పుడు యూనివర్సిటీ వాళ్ళిచ్చిన మెయిలుకి వచ్చింది. ఆ మెయిలు ఆ కుర్రాడు ఎన్నడూ తెరవలేదు. వాడి ఫోన్లో డేటా నెలాఖరుకి నిండుకునేది. గడువు దాటాక తండ్రీ కొడుకూ నా దగ్గరికొస్తే వెంట వెళ్ళాను. ఒక కిటికీ దగ్గర "పోర్టల్లో పెట్టాం కదండీ" అన్నారు. ఇంకో కిటికీ దగ్గర "మెయిలు వెళ్ళింది కదండీ" అన్నారు. ఎవరు పెట్టారు, ఎవరు పంపారు అని అడిగితే ఆ ఇద్దరికీ తెలీదు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, నిజంగానే తెలీదు. మెయిలు కాపీ తీయిస్తే అట్టడుగున ఒక వాక్యం ఉంది: దయచేసి ఈ సందేశానికి జవాబివ్వకండి. చదువు మీద ఆశతో పట్నం వచ్చిన పిల్లాడికి విశ్వవిద్యాలయం చెప్పవలసిన మాటేనా అది? ఆ ఏడాది ఫీజు తండ్రి అప్పు చేసి కట్టాడు.

పాతదంతా బంగారమని నేననను. ఫలితాలొచ్చిన రోజు పేపరు కోసం రైల్వే స్టేషనుకి పరుగెత్తి, చీమతలకాయంత అక్షరాల్లో మా నంబరు వెతుక్కునేవాళ్ళం. చలానా కట్టడానికి బ్యాంకులో పూట గడిచిపోయేది. ఇవాళ హాల్‌టికెట్టు ఇంట్లోనే దిగుతుంది, మార్కుల మెమో డిజిలాకర్‌లో ఉంటుంది, సర్టిఫికెట్లు వానకి తడుస్తాయన్న బెంగ లేదు. ఊరికి దూరంగా ఉండే పిల్లలకి, ముఖ్యంగా ఆడపిల్లలకి, ఇది పెద్ద మేలు. ఆ మేలు చేసినవాళ్ళకి దండం పెడతాను.

అంతకన్నా పెద్ద మేలు ఇంకొకటుంది. మా రోజుల్లో ర్యాగింగంటే పళ్ళు బిగించి భరించడమే. చెప్పుకునే దిక్కు లేదు. యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చింది. ఇప్పుడు ఏ వేళనైనా 1800-180-5522కి ఫోను చెయ్యొచ్చు. మనసు బాగోలేకపోతే 2022లో మొదలైన టెలీమానస్ ఉంది, 14416 కొడితే తెలుగులోనే మాట్లాడతారు. ఇలాంటివి మాకుంటే మా తోటివాళ్ళలో ఒకరిద్దరు చదువు మానుకుని పోయేవాళ్ళు కారు. కానీ ఈ నంబర్లు కూడా ఆ పీడీఎఫ్‌ల కుప్పలోనే ఎక్కడో పడి ఉంటే ఏం లాభం? రాత్రి రెండింటికి గదిలో ఒంటరిగా కూర్చుని ఏడ్చే పిల్ల గ్రూపులో వెనక్కి వెళ్ళి వెతుకుతుందా? ఆ రెండు నంబర్లూ ప్రతి హాస్టల్ మెట్ల దగ్గరా, ప్రతి మెస్సు గుమ్మం మీదా చెయ్యంత అక్షరాలతో రంగు వేసి రాయించాలి. ఏళ్ళ తరబడి చెరగకుండా ఉండాల్సిన కబుర్లు కొన్నుంటాయి.

ఇక సభల సంగతి. రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్నప్పుడు, 1933లో, రవీంద్రనాథ్ టాగూర్ వాల్తేరు వచ్చి మనిషి గురించి ఉపన్యాసాలిచ్చారు. తర్వాత అవి పుస్తకంగా వచ్చాయి. అది నేను పుట్టకముందు మాట. మా సీనియర్ల కాలంలో జరిగింది చెప్తాను. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి విశాఖలో చేశారు. ఆ సందర్భంలో రచయితల్ని మీరెటువైపని నిలదీస్తూ 'విశాఖ విద్యార్థులు' పేరుతో ఒక కరపత్రం వచ్చింది. అదే ఏడాది జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. నేను చేరేనాటికి హాస్టళ్ళలో ఇంకా ఆ కరపత్రం గురించి వాదించుకుంటూనే ఉన్నారు. ఆ రాజకీయాలు నచ్చినా నచ్చకపోయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. అది అందుకున్నవాళ్ళు ఏదో ఒక జవాబు చెప్పక తప్పలేదు. అడిగింది విద్యార్థులని అందరికీ తెలుసు.

ఇప్పుడు సభంటే ముందు ఫ్లెక్సీ. దాని మీద పెద్దల ఫొటోలు వరసగా, హోదాల ప్రకారం, చిన్నా పెద్దా సైజుల్లో. మాట్లాడబోయే మనిషి పేరు కింద ఇరుకులో ఉంటుంది. విషయం ఏమిటో, ఎన్ని గంటలకో వెతుక్కోవాలి. తీరా వేళకి హాల్లో జనం ఉండరు. అప్పుడు తరగతుల్లోంచి పిల్లల్ని తోలుకొచ్చి కూర్చోబెడతారు. న్యాక్ వాళ్ళకి చూపించడానికి జియోట్యాగ్ ఫొటో కావాలి కదా. ఫొటో అయ్యాక సగం మంది వెనక తలుపు గుండా జారుకుంటారు. గూగుల్ ఫారం నింపితే రానివాళ్ళకి కూడా సర్టిఫికెట్ మెయిలుకొస్తుంది. జీవితమంతా ఒక విషయం మీద పనిచేసిన మనిషి అంత దూరం నుంచి వచ్చి ఖాళీ కుర్చీలకి చెప్పుకుని పోవడం నేను కళ్ళారా చూశాను. నాకు చాలా కష్టమనిపించింది. మా కాలంలో ఉపన్యాసం ఉందంటే మాస్టారు ముందురోజే తరగతిలో ఆయనెవరో, ఏం రాశారో, ఎందుకు వినాలో పది నిమిషాలు చెప్పేవారు. లైబ్రరీలో ఆయన పుస్తకం ఉంటే తెచ్చి బల్ల మీద పెట్టేవారు. మేం ప్రశ్నలు రాసుకుని వెళ్ళేవాళ్ళం. వెయ్యి రిమైండర్లు పంపినా ఆ పది నిమిషాలకి సాటి రావు.

మెస్సులో కూడా బోర్డే. అందరం ఖర్చు పంచుకునే డివైడింగ్ మెస్సు మాది. ఆ నెల రోజు రేటు ఎంత పడిందో సుద్దముక్కతో రాసి, కింద మెస్ సెక్రటరీ పేరు రాసేవారు. ఆ సెక్రటరీ మాలో ఒకడే. రేటు పెరిగితే కంచం ముందే నిలదీసేవాళ్ళం. వాడు బియ్యం బస్తా ఎంతకి కొన్నాడో, కూరగాయలు ఎంతయ్యాయో లెక్క చెప్పాల్సి వచ్చేది. ఇవాళ మెస్సు బాకీ ఎస్సెమ్మెస్‌గా వస్తుంది. అంకె ఉంటుంది, లెక్క ఉండదు.

విభాగాధిపతులకీ, రిజిస్ట్రార్లకీ, వార్డెన్లకీ నాదొక మనవి. ఫోన్లు మానేయమని అడగడం లేదు. ఏ నోటీసు పంపినా, కాగితమైనా ఫోనైనా, కింద ఒక మనిషి పేరు, గది నంబరు, ఏ వేళల్లో దొరుకుతారో రాయించండి. అత్యవసరమైతే తప్ప కబుర్లన్నీ రోజుకొక్కసారి, ఒక్కచోటే పెట్టించండి. డబ్బుకీ పరీక్షకీ సంబంధించినదైతే తరగతిలో పైకి చదివించండి. స్కాలర్‌షిప్పు గడువు ముగియడానికి వారం ముందు, దరఖాస్తు పెట్టని పిల్లల జాబితా తీయించి, ఒక్కొక్కరినీ పిలిపించి ఎందుకు పెట్టలేదో అడగండి. మా గుమాస్తాకి రిజిస్టరు చూసి ఆ జాబితా రాయడానికి రెండు రోజులు పట్టేది, అయినా రాసేవాడు. మీ కంప్యూటరు నిమిషంలో ఇస్తుంది.