సీసాలకు చొక్కా జన్మ

షోరూంలో చొక్కాకు వేలాడే అట్టముక్క ఇప్పుడు ధర కన్నా ముందు పుణ్యం లెక్క చెబుతోంది: ఇది ఇన్ని ప్లాస్టిక్ సీసాలతో తయారైందట. కొన్నవాడు బట్ట కట్టుకోవడం లేదు, భూగోళాన్ని ఉద్ధరిస్తున్నాడు! 2015లో నైకీ భారత క్రికెట్ జట్టుకు ఇచ్చిన ఒక్కో జత దుస్తుల్లో సగటున 33 సీసాలున్నాయని చాటింది. 2023 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ సీసాల దారంతో కుట్టిన లేతనీలం జాకెట్ వేసుకుని పార్లమెంటుకు వచ్చారు. దాన్ని బహూకరించింది ఇండియన్ ఆయిల్. సీసాల దారమంటే పాలియెస్టరే. అది పుట్టేదీ చమురులోంచే, ప్రాయశ్చిత్తం చేయించేదీ చమురు కంపెనీయే.

పని తీరులో మాయేమీ లేదు. సీసాలను ఏరి, కడిగి, ముక్కలు చేసి, కరిగించి, సన్నటి రంధ్రాల్లోంచి లాగితే దారం వస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. సీసాగా ఉంటే అది మళ్లీ సీసా కాగలదు. నూలుతో, సాగే ఎలాస్టేన్ దారంతో కలిసి రంగు పులుముకుని చొక్కా అయ్యాక దేన్ని దేన్నుంచి విడదీస్తారు? ఉతికినప్పుడల్లా ప్లాస్టిక్ నూగు కాలువలోకి వదిలి, చివరికి చెత్తకుప్ప చేరుతుంది. దీనికి పెట్టిన పేరు ‘సర్క్యులర్ ఫ్యాషన్’, అంటే బట్ట మళ్లీ బట్టయ్యే చక్రం. నేతిబీరలో నెయ్యి ఉన్నంత. 2022లో యూరోపియన్ కమిషన్ కూడా, సీసాల దారం చూపించి గొప్పలకు పోవడం కొనేవాళ్లను తప్పుదోవ పట్టించవచ్చనే చెప్పింది.

మరి పాత బట్టనే కొత్త బట్టకు ముడిసరుకుగా మార్చినవాళ్లు?

స్వీడన్‌లోని రెన్యూసెల్ ఆ పనే చేసింది. చిరిగిన నూలు బట్టల్ని గుజ్జు చేసి, విస్కోస్ దారానికి పనికొచ్చేలా మార్చింది. ఏడాదికి 60,000 టన్నుల సామర్థ్యంతో సుండ్స్‌వాల్‌లో 2022లో ఫ్యాక్టరీ తెరిచింది. బట్టల కంపెనీ హెచ్ అండ్ ఎం అందులో వాటాదారు. చప్పట్లు దండిగా వచ్చాయి, చాలినన్ని ఆర్డర్లే రాలేదు. 2024 ఫిబ్రవరిలో దివాలా. ఆ ముందు ఏడాదే, అడిడాస్, స్టెల్లా మెకార్ట్‌నీ లాంటి పెద్ద పేర్లు వెన్నంటి నిలిచిన పుట్టగొడుగు తోలు ‘మైలో’ తయారీ కూడా డబ్బు చాలక ఆగిపోయింది.

సీసాల దారానికి ఈ గండాలు లేవు. మిల్లు మార్చక్కర్లేదు, అద్దకం మార్చక్కర్లేదు, ముఖ్యంగా ఉత్పత్తి తగ్గించక్కర్లేదు. అట్టముక్క మారిస్తే చాలు. ప్రపంచంలో తయారయ్యే నారలో సగానికి పైగా పాలియెస్టరే. అందులో అత్యధిక భాగం ఇవాళ్టికీ కొత్తగా చమురు నుంచి తీసిందే.

ఈసారి సేల్స్‌మన్ సీసాల లెక్క మొదలుపెడితే, ఇంట్లోని పాత పాలియెస్టర్ చొక్కా అతని చేతిలో పెట్టి, దీన్నేం చేస్తారో చెప్పమనండి.