నన్ను మోసుకెళ్లే శుక్రవారాలు

నేను కలకత్తా చిత్పూర్ రోడ్డులో తయారైన హార్మోనియాన్ని. పుట్టుక బెంగాల్, ఉద్యోగం తెలుగు. శుక్రవారం సాయంత్రాల్లో ఖరగ్‌పూర్ తెలుగు క్రైస్తవుల ఇళ్లలో కాటేజ్ ప్రేయర్లు జరుగుతాయి. సైకిల్ వెనక తాడుతో కట్టించుకుని వాటికి వెళ్లిరావడమే నా పని. నింపురా, మథురాకాటి, ట్రాఫిక్ సెటిల్‌మెంట్, ఖరీదా, మలంచ... ఏ క్వార్టర్ గుమ్మం ఎంత ఇరుకో నా మూలలకు తగిలిన దెబ్బలు చూస్తే తెలుస్తుంది.

మా జాతికి ఒక పాత అవమానం ఉంది. కాళ్లతో తొక్కి వాయించే యూరప్ వాయిద్యాన్ని, నేల మీద కూర్చుని చేత్తో తిత్తి కొట్టే పెట్టెగా మార్చింది కలకత్తా ద్వారకానాథ్ ఘోష్ గారు. బాగానే ఉంది. కానీ మాకు గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో మమ్మల్ని వెలేసింది. 1971 దాకా స్టూడియో గడప తొక్కనివ్వలేదు. అన్నాళ్లూ మాకు చోటిచ్చింది నాటక సమాజాలు, భజన మందిరాలు, చర్చిలు. గమకం సంగతి నిజమే, ఒప్పుకుంటాను. అయితే శ్రుతి తప్పిన ముప్పై గొంతులను ఒక దారికి తేవాలంటే గమకం కంటే మొండితనమే ఎక్కువ కావాలి. అది నా దగ్గర కావలసినంత ఉంది.

నా వాళ్లంతా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ల పిల్లలు, మనవలు. ట్రంకుపెట్టెలో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పెట్టుకునే వచ్చారు. అందులో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. చూసేవాళ్లు తక్కువ. ఆ పుస్తకంలో పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తనలంటే మావాళ్లకు ప్రాణం. ఆయన పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడ్డ బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, తెలుగులో రాశారు. బెంగాలీ ఇంటాయన తెలుగులో కట్టిన పాటను తెలుగువాళ్లు బెంగాల్‌కు తెచ్చి బెంగాల్ పెట్టె మీద పాడుకుంటున్నారంటే నాకు మహా సరదా.

పాటకూ పాటకూ మధ్య ప్రార్థన అంశాలు అడుగుతారు. నా మట్టుకు నాకు ప్రసంగం కంటే అవే ఇష్టం. ప్రసంగంలో విశ్వాసం ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వస్తుంది. ప్రార్థన అంశాల్లో మాత్రం లోను వాయిదా, అత్తగారి షుగరు, రైల్వే పరీక్ష రాసిన కొడుకు, రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి ఎక్కడికి పోవాలన్న బెంగ, అన్నీ వరస తప్పి బయటపడతాయి. ఆనక పాస్టరు అయ్యగారు వాటన్నిటినీ కలిపి ప్రార్థిస్తారు. పొడుగైన ప్రార్థనకు మా కుర్రాళ్లు పెట్టుకున్న పేరు ప్లాట్‌ఫారం ప్రార్థన. మా స్టేషన్ ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు మరి! 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేసిందని, 2023లో హుబ్బళ్లి ఆ రెంటినీ దాటిందని చెబితే, అయ్యగారిని మాత్రం ఎవరూ దాటలేదంటారు.

1974 మే నెల నాకు బాగా గుర్తు. 8న మొదలైన రైల్వే సమ్మె 27 దాకా సాగింది. ట్రాఫిక్ సెటిల్‌మెంట్‌లో ఒక విధవరాలికి ఇద్దరు కొడుకులు. పెద్దాయన నన్ను వాయించేవాడు, చిన్నాయన డోలక్ కొట్టేవాడు. పెద్దాయన సమ్మెలోకి దిగాడు, చిన్నాయన డ్యూటీకి పోయాడు. ఇద్దరికీ మాటల్లేవు. ఆ రోజుల్లో ఒక శుక్రవారం ప్రార్థన వాళ్లింట్లోనే. పెద్దాయన రాత్రిళ్లు ఎక్కడో దాక్కుని, ఆ పూటకు పెరటి గుమ్మం గుండా వచ్చాడు. పాట ఎత్తుకున్నారు. రెండో చరణం నుంచి డోలక్ వేగం పెంచేసింది. కోపం అరచేతుల్లోంచి వస్తోంది. పెద్దాయన వేళ్లు మెట్ల మీద పరుగెత్తాయి తప్ప తగ్గమని తల ఎత్తి సైగ చెయ్యలేదు. తిత్తి కొట్టే చెయ్యి ఎంత బిగుసుకుందో నాకు తెలుసు, నా ఊపిరి దాని చేతిలోనే కదా. పాడేవాళ్లు రొప్పుతూ వెనకబడ్డారు.

పాట అయ్యాక తల్లి ప్రార్థన చేసింది. సమ్మె గెలవాలనీ అడగలేదు, ఓడాలనీ అడగలేదు. “ప్రభువా, పెద్దోడు పోలీసులకు దొరక్కుండా సూడు, సిన్నోడి మీద రాయి పడకుండా సూడు, ఆ తరవాత ఆళ్ల సంగతి నేను సూసుకుంటాను” అంది. ఎవరో నవ్వాపుకోలేకపోయారు. ప్రభువు ప్రార్థనలో ఋణస్థులను క్షమించే చోటికి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరి గొంతులూ ఆగిపోయాయి, మిగతావాళ్లు ముందుకెళ్లిపోయారు. నేనైతే దాన్ని అవిశ్వాసం అనను. అనలేని మాటను అన్నట్టు నటించలేదు, అంతే. చాలా నెలల తర్వాత గానీ వాళ్లు మాట్లాడుకోలేదు. అదీ ఊళ్లో పొలం గట్టు తగాదా వచ్చిందని.

డిసెంబర్ వస్తే లోకం మారిపోతుంది. మంకీ క్యాపులు పెట్టుకుని, నన్ను మెడకు తగిలించుకుని, అర్ధరాత్రి క్యారల్స్‌కు బయలుదేరతారు. నైట్ డ్యూటీకి పోయేవాళ్లు సైకిల్ ఆపి ఒక చరణం పాడి పోతారు. మంచుకు నా రీడ్ల గొంతు పట్టేస్తుంది, ఎవరికీ లెక్కలేదు. ఏ ఇంట్లో అరిసెలు పెడతారో మాత్రం అందరికీ లెక్కే. 2023 జూన్ 2 సాయంత్రం బహానగా బజార్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ రైలు ప్రమాదం జరిగినప్పుడు మాత్రం నా మూత ఎవరూ తియ్యలేదు. అది మా ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే. ఫోన్లు కలవని ఇళ్లలో పాటలకు నోరెలా వస్తుంది?

ఇప్పటి పిల్లలు తెలుగు పాటలను హిందీ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. చర్చిలో కీబోర్డు కూడా వచ్చింది. అయినా ఇరుకు క్వార్టర్లకు నేనే గతి.

వచ్చే శుక్రవారం మలంచలో కూటం. ఆ ఇంటి అమ్మాయి అసిస్టెంట్ లోకో పైలట్ అయింది. కృతజ్ఞత ప్రార్థన అని పిలిచారు. పులిహోర, మిఠాయి పొట్లాలు సిద్ధం. వాళ్లమ్మ మాత్రం సంఘపెద్దతో వేరే అంశం చెప్పి ఉంచింది: తెల్లవారుజామున సిగ్నల్ దగ్గర పిల్లకు కునుకు పట్టకూడదని. పిల్లకు ఆ రాత్రి పదింటికే డ్యూటీ, అందుకని నాలుగింటికే మొదలుపెడతారట. అయ్యగారికి కూడా ముందే చెప్పారు, ప్లాట్‌ఫారం వద్దని.